ఈ ఏడు బడి మన వాకిట్లోనే

(2021 జూన్ చివరి వారంలో మన సంఘం ఆన్‌లైన్‌లో జరిపిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సిగ్నల్ కోసం చేను గట్టెక్కి వింటున్నవాళ్లు కూడా ఉన్నారని నాకు తెలుసు. ఎప్పుడు లైను తెగుతుందో చెప్పలేం కాబట్టి సూటిగానే మాట్లాడతాను.

జూన్ వచ్చిందంటే మా హాస్టల్లో పండగ లెక్క ఉండేది. ట్రంకు పెట్టెలు, దుప్పట్లు, కొత్త ప్లేట్ల చప్పుడు, కొత్తగా చేరిన చిన్నపిల్లల ఏడుపు. బిడ్డను దింపిన తల్లి గేటు బయట చెట్టు కింద కూర్చుని పొద్దుగూకే దాకా కదిలేది కాదు. ఇది రెండో జూన్, ఆ చప్పుడు లేకుండా. లాక్‌డౌన్ ఎత్తేశారు గానీ మన భయం ఎత్తుకుపోలేదు. పెద్ద తరగతులకు ఈ ఫిబ్రవరిలో కొన్నాళ్లు బడి నడిచింది, మార్చిలో అదీ ఆగింది. చిన్న తరగతుల పిల్లలు మాత్రం 2020 మార్చిలో ఇంటికి పోయినవాళ్లు పోయినట్టే ఉన్నారు.

పోయిన సెప్టెంబరు 1న టీవీ పాఠాలు మొదలయ్యాయి. మంచిదే. కానీ అవి మూడో తరగతి నుంచి. ఒకటి, రెండు చదివే పిల్లలకు ఆ ఆసరా కూడా లేదు. 2020లో ఒకటో తరగతిలో చేరాల్సిన బిడ్డ ఈ జూన్‌కు రిజిస్టరులో రెండో తరగతి. చేతితో పలక పట్టింది లేదు. రేపు బడి తెరిచాక మేము రెండో తరగతి పుస్తకం తీస్తే ఆ బిడ్డ ఏం చేస్తుంది? వారం రోజులు వెనక బెంచీలో కూర్చుంటుంది. తర్వాత రాదు. పత్తి ఏరే కాలం వస్తుంది, ఇంట్లోవాళ్లు కూడా రమ్మనరు, పొమ్మనరు. బడి మానేసే పిల్లలు అట్లాగే మానేస్తారు, గొడవ లేకుండా. ఇరవై ఏళ్లకు దగ్గరగా హాస్టళ్లలో ఉన్నాను, నేను చూసింది అదే.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను.

పోయిన వానాకాలం వర్క్‌షీట్లు పట్టుకుని ఒక గూడేనికి పోయాను. మా హాస్టల్లో రెండేళ్లు ఉన్న పిల్లవాడి ఇల్లు అది. హాస్టల్లో వాడు నోరు విప్పేవాడు కాదు. చదువు ఎక్కదు అనుకున్నాం. వర్క్‌షీటు చేతికిస్తే తల దించుకున్నాడు. "అన్నీ మర్చిపోయాడు, ఇంట్లో మీరేం చేస్తున్నారు?" అని తల్లి మీద కోప్పడ్డాను. ఆమె నెమ్మదిగా అంది: "మాకు రాని చదువు మేమెట్ల చెప్తం మేడం? మాకు వచ్చింది చెప్తున్నం."

అంతలో మేకలు వచ్చాయి. పిల్లవాడు లేచి నిలబడి గోండిలో లెక్కపెట్టాడు. పద్దెనిమిది ఉండాలి, పదహారే వచ్చాయి. ఏ రెండు రాలేదో, అందులో ఏది ఎప్పుడు ఈనిందో, ఏది ఎటు పోయి ఉంటుందో గడగడా తల్లికి చెప్పి పరుగెత్తాడు. తీసివేతలు రావని నేను కార్డులో రాసిన పిల్లవాడు!

హాస్టల్లో తెలుగే మాట్లాడాలి అని రూలు పెట్టింది నేనే. పిల్లల మేలు కోరే పెట్టాను. నేను కూడా గోండి ఇంట్లో పుట్టినదాన్నే. తెలిసిన దాని నుంచి తెలియని దానికి తీసుకుపోవాలని టీచర్ ట్రైనింగులో చదివాను, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ పిల్లవాడికి తెలిసినదేంటో మాత్రం రెండేళ్లలో ఒక్కసారి అడగలేదు. ఆ తల్లికి ఆ రోజు చెప్పలేని మాట ఇప్పుడు మీ అందరి ముందు చెప్తున్నాను: తప్పు నాదే.

పెద్దలకు ఒక సంగతి గుర్తు చేస్తాను. మన ప్రాంతంలో చదువు మొదలైంది మంచి రోజుల్లో కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీమ్ నేలకొరిగాడు. ఊళ్లల్లో భయం, బయట ప్రపంచ యుద్ధం. ఆ రోజుల్లోనే హైమన్‌డార్ఫ్ దొర మన మధ్యకు వచ్చాడు. 1943లో మార్లవాయిలో గోండు యువకులను టీచర్లుగా తయారుచేసే కేంద్రం పెట్టారు. అప్పటికి చదువు వచ్చిన గోండులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. గోండి మాటల్లోనే వాచకాలు తయారుచేసి, మన పిల్లలకు మనవాళ్ల చేతే చెప్పించారు. ఈ రోజు ఈ ఫోన్లో ఉన్న ఉద్యోగుల్లో చాలామంది తాతలు ఆ బడుల నీడలో పెరిగినవాళ్లే. అప్పుడు చదువు వచ్చినవాళ్లు కొద్దిమంది. ఇప్పుడు ప్రతి గూడెంలో ఇంటర్ చదివినవాళ్లు, డిగ్రీ ఆగిపోయి ఇంట్లో ఉన్నవాళ్లు ఉన్నారు.

అందుకే ఈ ఏడు బడి మన వాకిట్లో మొదలుపెడదాం. ఎట్లా అంటే, నేను నాలుగైదు గూడేల్లో చేసి చూసినవే చెప్తాను.

మొదటిది వేళ. పొద్దున చేనుకు పోకముందు ఒక గంట చాలు. రోజూ అదే గంట, అదే జాగా. ఐదారుగురికంటే ఎక్కువ మందిని ఒక్కచోట కూర్చోబెట్టకండి. చేతులు కడిగించండి. జ్వరం, దగ్గు ఉన్న పిల్లను ఇంట్లోనే ఉంచండి. గోడ మీద బొగ్గుతో తేదీ రాయించండి, వచ్చినవాళ్ల పేర్లు రాయించండి. హాజరు పిలిస్తే పిల్లలకు బడి అనే నమ్మకం వస్తుంది.

రెండోది భాష. ముందు గోండిలో మాట్లాడించండి. నిన్న చేన్లో ఏం చూశావు, మీ ఎద్దు ఎందుకు మేయలేదు అని అడగండి. వాళ్లు చెప్పిన మాటల్లోంచే ఒక మాట తీసి తెలుగు అక్షరాల్లో పలక మీద రాయండి. ఏర్ అని రాసి, పక్కన నీళ్లు అని రాయండి. రోన్ పక్కన ఇల్లు. తన మాట పలక మీద కనబడితే పిల్ల కళ్లు ఎట్లా మెరుస్తాయో చూడండి. తల్లిభాషలో చెప్పమని 2009 విద్యాహక్కు చట్టం కూడా అంటోంది. మనం చట్టం తప్పి ఏమీ చేయడం లేదు.

మూడోది లెక్కలు. ఉండి, రండ్, మూండ్ అని మొదలుపెట్టండి. కంది గింజలు, ఇప్ప పలుకులు ఉండగా ప్లాస్టిక్ పూసలు కొనాల్సిన పని లేదు. సాలుకు పది గింజలు, ఆరు సాళ్లు అంటే ఎక్కం వచ్చేసినట్టే. అయితే ఒక మాట. చేనులో లెక్క నేర్పడం వేరు, పిల్లను కూలికి పంపడం వేరు. మొదటిది బడి. రెండోది బడి మాన్పించడం.

నాలుగోది కథ. వారానికి ఒక రోజు అవ్వనో తాతనో కూర్చోబెట్టండి. పేన్‌ల కథలు, మన ఇంటిపేర్ల కథలు, దండారి పాటలు చెప్పించండి. మరుసటి రోజు పిల్లలు ఆ కథకు బొమ్మ వేయాలి. ఈ రెండేళ్లలో కొందరు పెద్దవాళ్లు మనల్ని విడిచిపోయారు. వాళ్లతో పాటు పోయిన కథలు మళ్లీ రావు.

తల్లులకు నా మాట. మీకు అక్షరం రాదని సిగ్గుపడకండి. పక్కన కూర్చోండి చాలు. "నాకు చదివి వినిపించు బిడ్డా" అనండి. వినేవాళ్లు ఉంటే పిల్ల చదువుతుంది.

చదువుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మాట. జీతం ఇప్పిస్తానని అబద్ధం చెప్పలేను. నెలకోసారి నేను వస్తాను. పలకలు, బలపాలు తెస్తాను. ఏ పిల్ల ఎక్కడిదాకా వచ్చిందో ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. బడి తెరిచిన రోజు ఆ నోటుబుక్కు తీసుకుని రండి. ఆ పిల్లను అక్కడి నుంచే ముందుకు తీసుకుపోతాం. పుస్తకం ఏ తరగతిదైనా సరే. మా టీచర్లతో ఈ సంగతి మాట్లాడాను, ఒప్పుకున్నారు.

తెలుగే మాట్లాడాలన్న నా రూలు కాగితం హాస్టల్ గోడ మీద ఉండేది. మొన్న తాళం తీసి లోపలికి పోయినప్పుడు దాన్ని చించేశాను. అక్కడ గోడ తెల్లగా ఉంది. పిల్లలు వచ్చాక వాళ్లకు ఇష్టమైన మాట వాళ్లే రాస్తారు, వాళ్లకు వచ్చిన భాషలో.

మేకల పిల్లవాడు ఆ సాయంత్రం రెండు మేకలనూ తోలుకొచ్చాడు. మన పిల్లల్లోనూ కొందరు దారి తప్పి ఉన్నారు. పేరు పేరునా తెలిసినవాళ్లం మనమే, మనమే పోయి తీసుకురావాలి.