యువజనులును సర్కారు దవాఖానాయు



మన కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో దవాఖానాలే లేవని ఫిర్యాదు చేయు కాలము గడచినది. అడవి గూడెములలో కొరత యింకను కలదు. అది వేరొక ప్రసంగమునకు తగిన విషయము. ఉన్న దవాఖానా గడపను పదునాలుగు, పదునారేండ్ల పిల్లలు ఏల త్రొక్కుట లేదో నేడు మనవి చేయదలచితిని.

కొన్ని యేండ్ల క్రిందట నేనొక దవాఖానాలో చీటీల వరుసలో నిలిచియుంటిని. నా ముందు మా యూరి బాలుడొకడు, పదునేడేండ్లవాడు, ఉండెను. నేను ఊరకుండలేక "ఏం బిడ్డా, దేనికొచ్చినవ్?" అని అడిగితిని. వరుసలో నున్న మరి నలుగురు తలలు త్రిప్పి చూచిరి. వాడు "తల నొస్తున్నది తాతా" అని చెప్పి, రెండు మాత్రలు తీసికొని వెడలిపోయెను. తొడల నడుమ తామర వ్యాపించి వాడు నడువలేక బాధపడుచున్న సంగతి ఆరు నెలలకు గాని యింటివారికి తెలియలేదు. అంతవరకు దుకాణమున కొన్న లేపనమేదో పూసికొనుచుండెనట. అట్టి లేపనములు పెక్కింటిలో స్టీరాయిడు మందు కలిసియుండును. అది దురదను అణచును గాని తామరను చంపదు. రోగము ప్రాకుచునే యుండును, చర్మము పలుచబడి చారలు పడును. మొదటనే వైద్యుడు చూచినచో కొలది వారములలో కుదురవలసిన రోగమది. వాని నోరు మూయించినది నా ప్రశ్నయే.

ఆడపిల్లల కష్టము ఇంతకంటె మించినది. నెలసరి బాధకై దవాఖానాకు పోయిన కన్నెపిల్లను గూర్చి ఊరిలో నెట్టి మాటలు పుట్టునో మీరెరుగుదురు. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో, తెలంగాణమున 15 మొదలు 19 ఏండ్ల ఆడపిల్లలలో నూటికి 60 మందికి పైగా రక్తహీనతతో నున్నారని తేలినది. దీనికి మందు ఖరీదైనది కాదు. వారమునకొక ఐరన్ గోలీ యిచ్చు పథకము 2012లోనే దేశమున మొదలైనది. గోలీ మ్రింగిన పిదప మలము నల్లబడగా, బెదరి మానివేయు పిల్లలు కలరు. అది సహజమే, భయము లేదని చెప్పుటకు ఒక మనిషియు, సిగ్గుపడక అడుగుటకు ఒక చోటును కావలెను గదా!

2014 జనవరి 7వ తేదీన కేంద్ర ప్రభుత్వము రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమమును ప్రారంభించినది. 10 మొదలు 19 ఏండ్లవారికి ఆహారము, నెలసరి, మత్తుపదార్థములు, మనోవ్యథ మున్నగు విషయములలో సలహా చెప్పుటకు ప్రత్యేక కేంద్రములుండవలెననియు, అచట చాటుగా మాటలాడుటకు వీలుండవలెననియు, చెప్పిన మాట బయటికి పొక్కరాదనియు అందలి ఉద్దేశము. మంచిదే. కాని బడి వేళలలో మాత్రమే తెరచియుండు గదికి బడిపిల్ల యెట్లు రాగలదు?

2023 మార్చి 8వ తేదీన కరీంనగరముననే ఆరోగ్య మహిళ యను కార్యక్రమము మొదలుపెట్టబడినది. ప్రతి మంగళవారము స్త్రీలకే కేటాయించి, స్త్రీ సిబ్బందియే పరీక్షించునట్లు ఏర్పాటు చేసిరి. ఇందలి కిటుకు నాకు నచ్చినది. ఆనాడు వచ్చువారందరును స్త్రీలే గావున, ఫలానా ఆమె యేల వచ్చినదను గుసగుసకు తావు తక్కువ. కుర్రవారికిని అట్టి దినమొకటి, బడి విడిచిన తరువాత, ఏల ఉండరాదు?

ఆదిలాబాదు గూడెములలో భాషయు ఒక అడ్డుగోడ. 1943లో హైమన్‌డార్ఫ్ దొర ప్రోద్బలమున మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము వెలసినది. గోండు పిల్లలకు గోండి భాషలోనే చదువు మొదలుపెట్టిరి. అక్షరములకే తల్లిభాష అంత అవసరమైనప్పుడు, ఒంటిలోని గుట్టైన బాధను పరభాషలో కొత్తవారికి చెప్పుమనుట న్యాయమా? గోండి, కొలామీ వచ్చిన నర్సమ్మ యొకతె యుండిన చాలును, సగము బెదురు తీరును.

గ్రామసభలో పెద్దలు అడుగవలసినవి గొప్ప ఖర్చుతో కూడినవి కావు: వారమునకొక సాయంకాలము, తలుపునకొక తెర, చీటీ వ్రాయుచోట రోగము పేరు బిగ్గరగా అడుగకుండుట. అడిగిన పిదప, వరుసలో మన నోరు మనము కట్టుకొనవలెను. ఇది నాకే మొదట వర్తించును.

మనసు చెదరిన పిల్లలకు మరొక దారి కలదు. 2022 అక్టోబరు 10వ తేదీన టెలిమానస్ అను సేవ వెలసినది. 14416 సంఖ్యకు ఉచితముగా ఫోను చేయవచ్చును. ఆ సంఖ్యను ఇంటి గోడపై వ్రాసియుంచుడు. పిల్లవాడు మాటలాడునంతసేపు మీరు వాకిటిలో మంచము వేసికొని కూర్చుండుడు.