అడవి మందు చేనుకొస్తే ఆ చేను ఎవరిది?

(తిరుమలాయపాలెం దళితవాడలో చేసిన ప్రసంగ పాఠం)



మందుమొక్కల సాగు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పత్తికి, మిర్చికి పెట్టుబడి పెట్టి నడుం విరిగిన మనకు ఇది కొత్త ఆశ. ఆశ మంచిదే. కానీ అడవి మొక్క చేనుకొచ్చేటప్పుడు లాభం ఎవరి ఇంటికి పోతదో ముందే అడగాలె.

మందుమొక్క మనకు కొత్త కాదు. లందలో తంగేడు చెక్క, కరక్కాయ వేసి పచ్చితోలును చెప్పు చేసినోళ్లం మనం. కాన్పులు చేసిన మంత్రసానులు మన అవ్వలు. పశువుకు ఏ ఆకు నూరాల్నో చెప్పినోళ్లు మన తాతలు. తెలంగాణ వచ్చినంక తంగేడు రాష్ట్ర పుష్పమైంది. దాని చెక్క గుణం తెలిసిన చేతులు మాత్రం ఊరవతలే ఉన్నయి.

అడవి మొక్కను మచ్చిక చేయడం మాయ కాదు, ఓపిక. అడవిలో ఏ రెండు నేలవేము మొక్కలూ ఒక్కతీరుగ ఉండవు. ఒకదాంట్లో చేదుసారం ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ. మంచి తల్లిమొక్కను ఎంచి, గింజ వేరుగా దాచి, మళ్లీ విత్తి, మళ్లీ ఎంచాలె. ఏండ్లు గడిస్తే గుణం నిలుస్తది. లక్నోలోని కేంద్ర సంస్థ సీమాప్ ఇట్లనే నేలవేములో ‘సిమ్-మేఘ’, పెన్నేరులో ‘పోషిత’ రకాలు తీసింది. హైదరాబాదు పక్కన బోడుప్పల్‌లో దాని కేంద్రం ఉంది. మన ఆడోళ్లు జొన్నకంకులు ఎంచి విత్తనం దాచింది కూడా ఈ శాస్త్రమే. వాళ్లను మాత్రం ఎవరూ శాస్త్రవేత్తలనలేదు.

సాగు ఎందుకు కావాలె? వేరు మందైతే, తవ్వితే మొక్కే చస్తది. 1952లో స్విట్జర్లాండులో సర్పగంధి వేరు నుంచి రక్తపోటు తగ్గించే రిసర్పిన్ తీసిండ్రు. లోకమంతా ఆ వేరు కోసం ఎగబడ్డది. చివరికి 1990లో దాన్ని అంతర్జాతీయ వ్యాపారంపై అదుపు ఉండే జాబితాలో చేర్చాల్సొచ్చింది. చేనులో పెంచితే అడవి బతుకుతది. కానీ ఆ వేరు ఊరడానికి ఏడాదిన్నర పైనే పడతది. ఏడాదికొక కౌలు చేను మారే మనిషి దాన్ని ఎక్కడ వేస్తడు? అందుకే ఇది విత్తనం సమస్యే కాదు, భూమి సమస్య.

కేరళ కాణి గిరిజనులను చూడండి. వాళ్లు చూపిన ఆరోగ్యపచ్చ ఆకుతో ‘జీవని’ మందు తయారైంది. 1995లో దాన్ని ఒక కంపెనీకి 10 లక్షలకు ఇచ్చి, సగం కాణిలకన్నారు. దేశమంతా మెచ్చుకున్నది. తీరా కాణిలు ఆ మొక్కను పెంచి ఆకు అమ్మబోతే అటవీశాఖ అడ్డుపడ్డది. తెలివి వాళ్లది, తాళంచెవి ఇంకొకరిది!

ఇప్పుడు చట్టం సంగతి. 2002 జీవవైవిధ్య చట్టాన్ని 2023లో సవరించిండ్రు. సాగుచేసిన మందుమొక్కలకూ, గ్రంథస్థమైన వైద్య జ్ఞానానికీ మినహాయింపులిచ్చిండ్రు. రైతుకు కాగితాల బాధ తప్పితే మేలే. మరి మొక్కను మొదట గుర్తుపట్టినోళ్ల వాటా ఏది? గ్రంథంలో ఉన్నదానికి వాటా లేదు. మన అవ్వల నోట్లో ఉన్నదానికి రుజువు లేదు. రెండు దిక్కులా ఖాళీ చేయి మనదే.

కాబట్టి మేం చెప్పేది ఇది. పంచాయతీలో రాయాల్సిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో మన మంత్రసానుల, పశువైద్యం తెలిసిన పెద్దల ఎరుక వాళ్ల ఒప్పుదలతో, వాళ్ల పేరుతో ఎక్కాలె. భూమి పట్టా ఆడోళ్ల పేర కావాలె. విత్తనం వాడలోనే దాచుకోవాలె. కొనేదెవరో, ధర ఎంతో కాగితం మీద తేలకుండా ఒక్క సాలు కూడా వేయొద్దు.

ఇంకొక మాట. భద్రాచలం అడవిలో ఏరుకొని బతికే కోయలకు 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా ఫలసాయం మీద హక్కిచ్చింది. మన చేను వాళ్ల అడవిని కాపాడాలె గానీ, వాళ్ల గంపలో మన్ను కొట్టొద్దు. వాళ్లతో కూసొని మాట్లాడుకున్నాకనే విత్తుదాం.

మొక్కను మచ్చిక చేసేది మనమైతే, పంట మీద మాట కూడా మనదే కావాలె.

జై భీం!