సవరల లెక్క

శ్రీకాకుళపు కొండలలోని సవరలను గూర్చి ప్రసంగించునపుడు మనము వారికి లేనివానినే లెక్కించుచుందుము: దారి లేదు, వైద్యము లేదు, చదువు లేదు. ఈ లెక్క అసత్యము కాదు, అసంపూర్ణము. వారిని చూడబోవు మనకు లేనిదేమో ఎవరును అడుగరు.

మేము విజయవాడనుండి రైలులో ఆముదాలవలసకును, అచ్చటినుండి పాలకొండ మీదుగా సీతంపేటకును చేరితిమి. ఆపై గూడెమునకు కాలినడకయే. కృష్ణా కాలువల క్రింది మాగాణికి అలవాటుపడిన కన్నులకు అచ్చటి సేద్యము ఆశ్చర్యము గొలుపును. కొండవాలున రాతిగట్లు కట్టి, ఊటనీటిని మడినుండి మడికి దింపి వరి పండించుచున్నారు.

ఒక ముదుసలి సంతకు తీసికొనిపోవుటకై కొండచీపురు కట్టలను లెక్కించుచుండెను. పన్నెండవ కట్టవద్ద ‘మిగ్గెల్’ అనెను. పదుమూడవదానికి ‘మిగ్గెల్ బొయ్’. అనగా పన్నెండుమీద ఒకటి. ఇరువదివద్ద మరల కొత్త మెట్టు. ముప్పదిమూడన్నచో ఇరువది, పన్నెండు, ఒకటి. తొంబదిమూడన్నచో నాలుగిరువదులు, పన్నెండు, ఒకటి. పన్నెండును ఇరువదియు ఇట్లు కలసిన లెక్క ప్రపంచభాషలలో మిక్కిలి అరుదు.

ఇంట ఈ లెక్క విని పెరిగిన బాలుడు బడిలో ‘పదుమూడు’ వద్ద తడబడవచ్చును. అయ్యవారికి అతడు మందబుద్ధిగా తోచవచ్చును. నిజమునకు ఆ పసివాడు ఒక లెక్కనుండి వేరొక లెక్కలోనికి, ఒక భాషనుండి వేరొక భాషలోనికి ఒంటరిగా దాటుచున్నాడు. చేయి అందింపవలసినవారు చేతకానివాడని తీర్మానించినచో ఆ బాలుడు బడికే దూరమగును.

ఈ సంగతిని పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు ఏనాడో గ్రహించిరి. సవర ద్రావిడభాష కాదు, ముండా కుటుంబమునకు చెందినది. తెలుగు వచ్చినంతమాత్రమున అది బోధపడదు. పంతులుగారు ఆ భాష తెలిసినవానిని ఇంట నుంచుకొని నేర్చిరి. సవర పిల్లలకు వాచకములు వ్రాసి, స్వంత వ్యయముతో బడులు నడపిరి. వారి సవరభాషా వ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. 2004 ప్రాంతమున ప్రభుత్వము సవర మొదలగు గిరిజన భాషలలో ప్రాథమిక బోధనకు పూనుకొన్నది. అయినను పుస్తకమొక్కటియే చాలదు. దానిని చదివి చెప్పువారికి ఆ భాష రావలెను.

ఉపాధ్యాయులుగానో, వైద్యులుగానో, మావలె చూడబోవువారుగానో ఆ కొండలెక్కు శ్రోతలకు మా మనవి యొక్కటే. సవరభాషలో పన్నెండు మాటలైన నేర్చి వెళ్లుడు. పదుమూడవ మాట వారే నేర్పుదురు.