బైపోలార్ పరిశోధన: పట్టికలోకి ఎవరు వచ్చారు?

(పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బైపోలార్ డిజార్డర్ మీద జరుగుతున్న పరిశోధన గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ విషయం నాకు లైబ్రరీలో పరిచయం కాలేదు. మా తమ్ముడి ద్వారా మా ఇంటికే వచ్చింది. వాడిని అడిగి, వాడు సరే అన్నాకే ఇక్కడ చెబుతున్నాను.

ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో వాడు నెలన్నర పాటు హాస్టల్ గది దాటి రాలేదు. డాక్టర్ డిప్రెషన్ అని మాత్రలు రాశారు. మూడు వారాలకు వాడు నిద్రే పోకుండా, అర్ధరాత్రి ఊళ్లో అందరికీ ఫోన్లు చేస్తూ, స్కాలర్‌షిప్ డబ్బు మొత్తం రెండు రోజుల్లో ఖర్చు పెట్టేశాడు. పిల్లాడు మళ్లీ హుషారయ్యాడని అమ్మ సంతోషపడింది. అది మేనియా అని తెలియడానికి ఇంకో నాలుగేళ్లు, ఇంకో ముగ్గురు డాక్టర్లు, మధ్యలో ఒక భూతవైద్యుడు కావాల్సి వచ్చింది.

చాలామందిలో ఈ జబ్బు కుంగుబాటుతోనే మొదలవుతుంది. ఆ దశలో యాంటీడిప్రెసెంట్ ఒక్కటే ఇస్తే కొందరిలో మూడ్ ఒక్కసారిగా అటువైపుకు ఎగిరిపోతుంది. సరైన పేరు పడటానికి ఏళ్లు పట్టడం ధనిక దేశాల్లోనూ మామూలే. కాబట్టి నేను ఆ మొదటి డాక్టర్ని తప్పు పట్టను. నన్ను వెంటాడిన ప్రశ్న వేరు. ఆ నాలుగేళ్లు జబ్బును ఏం చేశాయి?

జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ 1899లో ఈ జబ్బును, తర్వాతి కాలంలో స్కిజోఫ్రీనియా అని పేరు పడిన జబ్బు నుంచి వేరు చేశాడు. ఆయన లక్షణాలతో ఆగలేదు, ఏళ్ల తరబడి జబ్బు నడిచే తీరు చూశాడు. విడతకూ విడతకూ మధ్య విరామం రానురాను తగ్గిపోతుందని ఆయన లెక్కల్లో కనిపించింది. 1938లో ఎలియట్ స్లేటర్ అవే లెక్కలు తిరగేసి ఒక మోసం పట్టుకున్నాడు. మొదటి విరామం సగటులో దాదాపు అందరూ ఉంటారు. ఎనిమిదో విరామం సగటులో తొమ్మిది సార్లు జబ్బుపడ్డవాళ్లు మాత్రమే ఉంటారు. వాళ్లకు మొదటి నుంచీ జబ్బు త్వరత్వరగా తిరగబెడుతూనే ఉంది. అందుకే ఏ ఒక్కరిలోనూ జబ్బు వేగం పెరగకపోయినా, పట్టికలో మాత్రం పెరిగినట్టే కనిపిస్తుంది. గణాంకాలు చదివే మిత్రులు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుపెట్టుకున్నా నాకు చాలు.

తర్వాత అమెరికాలో రాబర్ట్ పోస్ట్ ఇంకో ఊహ ముందుకు తెచ్చాడు. మొదటి విడతలకు పెద్ద దెబ్బ ఏదో కారణమవుతుంది, పోనుపోను చిన్న కుదుపు చాలు, చివరికి అదీ అక్కర్లేదు అన్నాడు. దీని మీద వాదం ఇంకా ముగియలేదు. అయితే డెన్మార్క్‌లో లార్స్ కెసింగ్ బృందం దేశమంతటి ఆసుపత్రి రిజిస్టర్లు తీసుకుని, స్లేటర్ చెప్పిన లోపాన్ని సరిచూసుకున్నాక కూడా, ప్రతి విడతతో తర్వాతి విడత ముప్పు పెరుగుతున్నట్టే తేలింది. అదే బృందం 2013లో మరో ఫలితం ప్రచురించింది. మొదటి, రెండో లేదా మూడోసారి ఆసుపత్రి నుంచి బయటికొచ్చిన 158 మందిలో కొందరికి ప్రత్యేక క్లినిక్‌లో మందులతో పాటు జబ్బు గురించి బోధన ఇచ్చారు, మిగతావారికి మామూలు వైద్యం. ప్రత్యేక క్లినిక్‌కు వెళ్లినవాళ్లు మళ్లీ ఆసుపత్రిలో చేరడం బాగా తగ్గింది. అంటే జబ్బు నడక పూర్తిగా రాసిపెట్టి ఉన్నది కాదు. ఎప్పుడు పట్టుకున్నాం, ఎంత విడవకుండా చూశాం అన్నది అందులో భాగం.

ఇక మందు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ పదిమంది మేనియా రోగులకు లిథియం ఇచ్చి ఫలితం ప్రకటించాడు. 2010లో లాన్సెట్‌లో వచ్చిన బ్యాలెన్స్ అధ్యయనంలో కూడా, తిరగబెట్టకుండా ఆపడంలో వాల్‌ప్రోయేట్ ఒక్కటే ఇవ్వడం కంటే లిథియం మెరుగని తేలింది. పైగా వాల్‌ప్రోయేట్ గర్భంలోని బిడ్డకు ప్రమాదం. లిథియం ప్రకృతిలో దొరికే లవణం, పేటెంట్ లేదు, చౌక. అమెరికాలో అనుమతి రావడానికి మాత్రం 1970 దాకా పట్టింది. లాభం లేని మందుకు తోడు నడిచేవాళ్లు తక్కువ.

కేడ్ మొదటి రోగి కథ మాత్రం తక్కువగా చెబుతారు. అతను కోలుకుని ఇంటికెళ్లాడు, మందు మానేశాడు, తిరిగి ఆసుపత్రికి వచ్చాడు, 1950లో లిథియం విషమై చనిపోయాడు. లిథియంలో పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ దూరం తక్కువ. అందుకే రక్తంలో దాని స్థాయి చూస్తూ ఉండాలి, కిడ్నీ, థైరాయిడ్ కూడా చూడాలి. ఒంట్లో నీరు తగ్గితే స్థాయి పెరుగుతుంది. డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలతోనూ పెరుగుతుంది.

ఇప్పుడు మా ఊరికి రండి. మార్చి, ఏప్రిల్ ఎండలో మిర్చి కోత. సాయంత్రానికి ఒళ్లు హూనమై ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే ఆయన ఇచ్చేది ఆ నొప్పి మాత్రే. సెలవుల్లో మా తమ్ముడు అమ్మతో పాటు కోతకు వెళ్లాడు. వారానికి చేతులు వణకడం, మాట తడబడటం మొదలైంది. తాగొచ్చాడనుకున్నారు.

నిమ్‌హాన్స్ నడిపిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో బైపోలార్ ఉన్నవాళ్లలో దాదాపు 70 శాతానికి చికిత్స అందడం లేదు. స్లేటర్ ప్రశ్న మళ్లీ వేయండి. ఆసుపత్రి రికార్డుల నుంచి జబ్బు నడక రాస్తే, ఆ పట్టికలో ఎవరున్నారు? 2021లో దాదాపు 42 వేల మంది రోగుల జన్యువులు చూసి 64 చోట్లు గుర్తించారు. వాళ్లంతా యూరోపియన్ మూలాలవాళ్లే. 2025 నాటి అధ్యయనంలో తూర్పు ఆసియా, ఆఫ్రికన్ అమెరికన్, లాటినో సమూహాలు చేరాయి, దక్షిణాసియా పేరు అక్కడా లేదు. అమెరికాలో నల్లజాతి రోగులకు మూడ్ జబ్బు ఉన్నా స్కిజోఫ్రీనియా అని ముద్ర వేయడం ఎక్కువని పదేపదే తేలింది. అక్కడ రోగి జాతి నమోదైంది కాబట్టి ఆ సంగతి బయటపడింది. నేను చదివిన మన బైపోలార్ పత్రాల్లో వయసు, లింగం, చదువు, ఆదాయం ఉంటాయి. కులం కాలమ్ చాలావాటిలో లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ కులం పేరు స్పష్టంగా చెప్పి, వైద్యం అందించడంలో ఆ వివక్ష ఉండకూడదంటుంది. వివక్ష ఉందో లేదో లెక్కే తీయకపోతే ఆ సెక్షన్ అమలవుతోందని ఎలా చెప్పగలం? మీలో ఎవరైనా థీసిస్ అంశం వెతుకుతుంటే, నాలుగు కాలమ్‌లు కలపండి. కులం, మొదటి విడత ఏడాది, సరైన పేరు పడిన ఏడాది, మందు ఆగిన ప్రతిసారీ ఎందుకు ఆగింది. చివరి కాలమ్‌లో "మందు సక్రమంగా వాడని రోగి" అని రాసి వదిలేయకండి.

ఆ మాట మా తమ్ముడి ఫైల్లోనూ ఉంది. లిథియం రక్త పరీక్షకు చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. వాడు రాత్రి తొమ్మిదికి వేసుకుంటాడు, అంటే పొద్దున తొమ్మిదికల్లా పట్నంలో ల్యాబ్ దగ్గర ఉండాలి. మా ఊరి మొదటి బస్సు అక్కడికి చేరేది పదిన్నరకు. రెండేళ్లు ఈ సంగతి ఎవరూ అడగలేదు, వాడు చెప్పలేదు. ఇప్పుడు కొత్త డాక్టరమ్మ అడిగి, పరీక్ష ముందు రోజు మాత్ర రాత్రి పదిన్నరకు వేసుకోమన్నారు.