అడ్వాన్సు ఇచ్చాం, కబురు లేదు!

శ్రీరాంపూర్ బొగ్గు గనుల్లో ఎవరైనా రిటైరవుతుంటే తోటివాళ్లు తలా ఇంత వేసుకుని జ్ఞాపిక ఇస్తారు. షాపులో దొరికే షీల్డు బదులు, ఆసిఫాబాద్ జిల్లా ఉషేగాం, కేస్లాగూడల్లో ఓజా కళాకారులు పోసే ఇత్తడి బొమ్మ ఇస్తే ఎంత బాగుంటుంది! ఆదిలాబాద్ డోక్రా అనే ఈ పోతపనికి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. చిక్కల్లా అడ్వాన్సు ఇచ్చాక కబురు లేకపోవడమే.

ఆలస్యం చాలావరకు పనిలోనే ఉంది. ముందు మట్టితో లోపలి ఆకారం చెయ్యాలి. అది ఆరాక మైనాన్ని సన్నటి తీగల్లా సాగదీసి, ఒక్కో తీగనూ చుట్టూ అతకాలి. పైన మళ్లీ మట్టిపూత. కాలిస్తే మైనం కరిగిపోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక అచ్చు పగలగొట్టాల్సిందే. పోత సరిగ్గా దిగకపోతే పనంతా మళ్లీ మొదటి నుంచే. ఇక ముసురు పట్టిందా, మట్టి ఆరనే ఆరదు. ఆ మాట చెప్పడానికి మొహమాటపడి ఫోన్ ఎత్తనివాళ్లూ ఉంటారు.

అందుకే రోజూ “అయిందా?” అని అడిగితే లాభం లేదు. “మైనం పని అయిందా అన్నా, ఒక ఫొటో పంపుతవా?” అనండి. మార్పులుంటే అప్పుడే చెప్పాలి, పోత పోశాక కుదరదు. ఎత్తు, ధర, అడ్వాన్సు, ఇచ్చే తేదీ ముందే కాగితం మీద రాసుకోండి. సన్మానానికి నెల ముందే గడువు పెట్టండి. అదీ దాటి జవాబు రాకపోతే, అడ్వాన్సు వెనక్కి అడగడానికి మీరూ మొహమాటపడకండి.