బొమ్మ కట్టిన చీర
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



సంక్రాంతి బొమ్మల కొలువు చూడనివారు ఈ సభలో ఉండరు. కొలువులోని కొండపల్లి బొమ్మను చేతబట్టినవారు దాని ముఖమును మెచ్చుకొందురు. అది కట్టిన వస్త్రమును గమనించువారు తక్కువ. నేటి ప్రసంగము ఆ వస్త్రమును గూర్చినది. అది నూలు కాదు, పట్టు కాదు. కఱ్ఱపై పూసిన రంగు. అయినను కన్ను దానిని గుడ్డయని నమ్మవలెను. ఎట్లు నమ్మును?

కొండపల్లి విజయవాడకు చేరువనున్నది. అచ్చటి శిల్పులు తెల్లపొణికి యను తేలికైన మెత్తని కఱ్ఱను ఆరబెట్టి, అవయవములను వేర్వేరుగా చెక్కుదురు. చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో వానిని అతుకుదురు. పిమ్మట సున్నపు పూత పూసి, అది ఆరిన వెనుక మేక వెండ్రుకల కుంచెతో రంగులు దిద్దుదురు. చీర మడతలలో కొన్ని ఉలితోను మక్కుతోను ఏర్పడును. తక్కిన పని కుంచెదే.

ఇచ్చట ఒక లెక్క కలదు. 66 అంగుళముల మనిషిని 6 అంగుళముల బొమ్మగా చేసినచో ప్రతి కొలతయు 11వ వంతగును. పంచెకు 2 అంగుళముల అంచున్నచో, బొమ్మపై అది అంగుళములో అయిదవ వంతునకు లోపే. ఇక నూలుపోగు మాట చెప్పనేల? నేతను చూపవలెనని పడుగు పేకలు గీచినచో ఆ పంచె మోకులతో నేసినట్లుండును. కావున పని తెలిసినవాడు పోగును విడిచి మడతను పట్టుకొనును.

మనిషి కట్టిన పంచెపై నీడను సూర్యుడే వేయును. బొమ్మపై మడత లోతు గోటి మందమే; అందు పడు నీడ కంటికి ఆనదు. ఆ కొరతను కుంచె తీర్చవలెను. మొదట వస్త్రమంతటను ఒకే రంగు పూసి, లోతున దానినే ముదురుగాను, మిట్టపై లేతగాను దిద్దవలెను. నలుపు కలిపిన నీడ మురికివలె కనబడును. ఎఱుపునకు ముదురు ఎఱుపే నీడ. తెల్లపంచె అన్నిటికంటె కష్టము. దాని నీడ లేత నీలి బూడిదరంగు. అచ్చమైన తెలుపు మడత కొనకు మాత్రమే మిగులవలెను. అంతయు తెల్లగా పూసినచో అది సున్నము కొట్టిన గోడ.

వస్త్రభేదమును మడతయే చెప్పును. గంజిపెట్టిన నూలుగుడ్డ పదునుగా విఱుగును. పట్టు జాఱును; దాని మిట్టపై మెఱుపు సన్నని గీతగా నుండును. కంబళి లావుగా వంగును. దానికి మెఱుపు లేదు. మడత లోనికి పోవుచోట అంచును లోనికి పోయి, ఆవల మరల తేలవలెను. బద్దపెట్టి గీచిన అంచు మడతను చంపును.

కొండపల్లి బొమ్మలన్నియు ఇంత సూక్ష్మముగా నున్నవనుట సత్యము గాదు. పెక్కింటిపై చదునైన రంగును, నాలుగు గీతలును మాత్రమే యుండును. దాని యందము దానికి కలదు. కాని దంపుళ్లు దంచు ఇల్లాలి చెంగును నడుమున దోపిన తీరు సరిగా దిద్దినచో, ఆ బొమ్మ నిజముగా రోకలి యెత్తినట్లే తోచును.

గుడ్డ చినుగును. 16వ శతాబ్దపు చీర మన యిండ్ల పెట్టెలలో లేదు. కాని లేపాక్షి వీరభద్రాలయపు కప్పుపై ఆనాటి చిత్రములు కలవు. వానిలోని అంచులను చూచి తరువాతి నేతగాండ్రు చీరలు నేసిరి. వ్రాసిన గుడ్డ మరల మగ్గమెక్కినది. తలపాగా చుట్టుట, గోచిపెట్టి చీర కట్టుట ఎఱిగినవారు నేడు తగ్గుచున్నారు. తెల్లపొణికి చెట్లును తగ్గుచున్నవి. రేపటి బిడ్డకు ఆ కట్టు కనబడవలసినది బొమ్మపైననే. కొనువాడు ధర తగ్గించిన కొలది కుంచె తిరుగు సారులు తగ్గును, కట్టు చెఱుగును.

కావున వచ్చు సంక్రాంతికి పిల్లలను కొలువుముందు కూర్చుండబెట్టి, బొమ్మ చీరను అవ్వ చీరను ప్రక్కప్రక్కన చూపుడు. మడత యెచ్చట విఱిగినదో వారినే అడుగుడు. పుస్తకము చదువ నేర్చిన కన్ను ఇదియు చదువ నేర్చును.

స్వస్తి.