ముగ్గురు అమృతరావులు

ఒక ఆదివారం ఉదయం ఎర్రగడ్డలో రోడ్డు ప్రక్కన సాగే పాత సామానుల సంతకు వెళ్ళాము. మీటలు ఊడిన రేడియోలు, అద్దాలు పగిలిన గడియారాలు, వెనుకకు బుంగవలె ఉబ్బిన పాత టెలివిజను పెట్టెలు వరుసగా పేర్చి వున్నవి. మాతో వచ్చిన మిత్రుడు ఆ పెట్టెలలో ఒకదానిని అరచేతితో తట్టి, “ఇటువంటి దానిలోనే కదా మేము అమృతం చూచినది!” అన్నాడు. ప్రక్కనే బేరమాడుతున్న ఒక పెద్దమనిషి, మాతో బొత్తిగా పరిచయం లేకపోయినా, ఇటు తిరిగి “ఏ అమృతం?” అని అడిగారు. ఆ మాటకు అమ్మేవాడు కూడ నవ్వినాడు.

తెలుగు టెలివిజను ఎరిగిన వారికి ఆ ప్రశ్నలోని చమత్కారం వివరించనక్కరలేదు. ఎరుగని శ్రోతల కొరకు రెండు మాటలు చెప్పవలసి వున్నది. గుణ్ణం గంగరాజుగారు నిర్మించిన “అమృతం” అనే హాస్య ధారావాహిక 2001 నవంబరు 18వ తేదీన జెమిని టెలివిజనులో ప్రారంభమై, 2007 నవంబరు 18వ తేదీన ముగిసినది. మొత్తం 313 భాగాలు. ఆరేండ్లపాటు దాదాపు ప్రతి ఆదివారము రాత్రి తెలుగిండ్లలో ఆ నవ్వు వినిపించినదన్నమాట. అమృతరావు, ఆంజనేయులు అనే ఇద్దరు మిత్రులు. సంజీవిని, శాంత అనే వారి ఇల్లాండ్రు. అప్పాజీ అనే ఇంటి యజమాని. సర్వం అనే పనివాడు. అమృతవిలాస్ అనే హోటలు. ఇంతే సరంజామా. తేరగా ధనం వచ్చే ఉపాయ మొకటి అమృతరావుకు తట్టడం, ఆంజనేయులు దానిలో ఇరుక్కోవడం, చివరకు ఇద్దరూ బోర్లపడడం, ఇదే ప్రతివారపు కథ.

అయితే ఈ ఆరేండ్లలో అమృతరావు పాత్రను ముగ్గురు నటులు ధరించారు. మొదట శివాజీరాజా, తరువాత నరేష్, ఆ తరువాత హర్షవర్ధన్. ఏ అమృతం గొప్ప అన్న వివాదం ఆనాడు మొదలయినది, ఈనాటికీ తెగలేదు. సంతలో ఆ పెద్దమనిషి అడిగిన ప్రశ్న అదే.

సంత నుండి మిత్రుని ఇంటికి వెళ్ళాము. వారి ఇల్లు ఎర్రగడ్డ రైతుబజారుకు కూతవేటు దూరం. టీ త్రాగుతూ మేము ఆ ప్రశ్నను మళ్ళీ కదిలించాము. కదిలించినందుకు ఫలితం గంటన్నర సేపు అనుభవించాము.

మిత్రుడు శివాజీరాజా పక్షం. “తాను నవ్వు పుట్టిస్తున్నానని ఆ అమృతరావుకు తెలియదు. తాను చేస్తున్నది మహా గంభీరమైన వ్యాపారమని అతడి నమ్మకం. అదే అసలు హాస్యం” అని ఆయన వాదం. తమ్ముడు హర్షవర్ధన్ పక్షం. “ఒక వెర్రి ఆలోచన తట్టగానే కన్నులు మెరవడం, మాట వేగం పెరగడం, ప్రక్కవానిని ఊపిరి తీసుకోనివ్వకపోవడం, ఇవన్నీ ఈయనలోనే చూడు అన్నా! అమృతం అనగానే లోకానికి కనుల ముందు నిలిచేది ఈయన రూపమే” అన్నాడు. ఇద్దరి తల్లిగారు అప్పటివరకు చిక్కుడుకాయలు ఈనె తీస్తూ వింటున్నారు. ఆమె తల ఎత్తకుండానే, “మీ ఇద్దరికీ తెలియదు. నరేషే సరైనవాడు” అని తీర్పు చెప్పారు. జంధ్యాల చిత్రాలలో, “నాలుగు స్తంభాలాట” మొదలు “శ్రీవారికి ప్రేమలేఖ” వరకు, ఆమె ఆ నటుని చూచి నవ్విన మనిషి. తెలిసిన పిల్లవాడు ఇంటికి వచ్చినట్లుండేదట.

మూడు వాదాలూ విన్న తరువాత మాకు ఒక సంగతి స్ఫురించినది. మిత్రునికి 2001లో కొత్తగా పెండ్లి అయినది. వాయిదాల మీద మొదటి టెలివిజను కొన్నది ఆ యేడే. తమ్ముడు చదువు ముగించి, అమీర్‌పేటలో కంప్యూటరు పాఠాలు నేర్చుకుంటూ, ఉద్యోగం దొరకక తిరిగిన రోజులు తరువాతివి. వారమంతా దరఖాస్తులు పంపి, ఆదివారం రాత్రి తనకన్న పెద్ద పరాజితుని చూచి నవ్వుకొనేవాడు. తల్లిగారికి జంధ్యాల చిత్రాల నాటి స్మృతి. ముగ్గురూ నటుని గురించే మాట్లాడుతున్నామని అనుకున్నారు గాని, సగానికి సగం తమ తమ సాయంకాలాల గురించి మాట్లాడినారు. విమర్శకుడు దీనిని దోషమనవచ్చు. మేము అనము. హాస్యానికి చోటు నటుని ముఖం ఒక్కటే కాదు. నవ్విన ఇల్లు కూడ.

పాత్ర ఒకటి, నటులు పలువురు అన్నది తెలుగువారికి కొత్త కాదు. పద్యనాటకాల కాలంలో తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలను ఆడేటప్పుడు ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు రంగస్థలం మీదికి వచ్చేవారు. పడక దృశ్యానికి ఒకరు, రాయబారానికి మరొకరు. కిరీటం మారదు, పింఛం మారదు, మనిషి మారుతాడు. ప్రేక్షకులు దానికి ఆక్షేపించలేదు సరిగదా, ఏ కృష్ణుడు గొప్ప అని తెల్లవారిన తరువాత బండ్లలో ఊళ్ళకు పోతూ పోట్లాడుకొనేవారు. పీసపాటి నరసింహమూర్తిగారి పక్షం వారు, షణ్ముఖి ఆంజనేయరాజుగారి పక్షం వారు, ఈలపాట రఘురామయ్యగారి పక్షం వారు, ఒకరి మాట ఒకరు ఒప్పుకొనేవారు కారు. ఆ పోట్లాట నాటకానికి హాని చేయలేదు. మరుసటి నాటకానికి జనాన్ని చేర్చినది. ముగ్గురు అమృతరావుల వివాదం ఆ పాత పందిటి వివాదానికి మనుమడే.

ఇక రెండవ రకం అభిప్రాయభేదం కొంత లోతయినది. మేము మాట్లాడుతుండగా పొరుగింటి ఉపాధ్యాయుడు ఒకాయన వచ్చారు. ఆయనకు ఏ అమృతమూ నచ్చలేదు. “ఆరేండ్లు గడచినా ఆ మనిషి ఒక్క పాఠమైనా నేర్చుకున్నాడా? ప్రతివారమూ అదే పేరాస, అదే పతనం. పిల్లలకు దీని వలన వచ్చేదేమి?” అని అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. కాని ఈ రకపు హాస్యానికి ఒక కట్టుబాటు వున్నది. కథ ఎక్కడ మొదలయినదో తిరిగి అక్కడికే చేరవలెను. అమృతరావు ఒక ఆదివారంనాడు బుద్ధి తెచ్చుకుంటే వచ్చే ఆదివారంనాడు కథ లేదు. అతడు నేర్చుకోడు గనుకనే చూచేవాడు నేర్చుకొనే అవకాశం వున్నది. పైగా అతడు పడిన గోతులన్నీ తాను త్రవ్వుకొన్నవే. కుంటివానినో, నల్లనివానినో, పల్లెటూరివానినో చూపి నవ్వించడం సులభం. అందుకు అలవాటుపడిన రోజులలో, తన పేరాసను చూచి తాను నవ్వుకొనే మధ్యతరగతి ఇంటిని ఈ ధారావాహిక తయారుచేసినది. ఉపాధ్యాయులు పూర్తిగా ఒప్పుకోలేదు. తల పంకించి టీ పుచ్చుకొన్నారు.

ఇంగ్లండులో కూడ ఒక హోటలు కథకు ఇట్టి ఆక్షేపణే వచ్చినది. “ఫాల్టీ టవర్స్” అనే ధారావాహిక వ్రాతప్రతిని 1974లో చదివిన బి.బి.సి. వారొకరు, ఇది అరిగిపోయిన మాటల మూట, విఫలం కాక తప్పదు అని అభిప్రాయం వ్రాసి పెట్టినారు. 1975లోను, 1979లోను కలిపి 12 భాగాలు మాత్రమే ప్రసారమయినవి. 2000వ సంవత్సరంలో బ్రిటిష్ ఫిల్ము ఇన్‌స్టిట్యూట్ వారు ఆ దేశపు టెలివిజను కార్యక్రమాలలో ఉత్తమమైన నూరింటిని ఎంచినప్పుడు మొదటి స్థానం దానికే దక్కినది.

మళ్ళీ ఎర్రగడ్డకు వద్దాము. అమృతరావు మీద ఇంత కలహం వున్నది గాని, ఆంజనేయులు మీద లేదు. ఆ పాత్రను మొదటినుండి చివరి వరకు గుండు హనుమంతరావుగారే ధరించారు. బెజవాడ నాటక రంగం నుండి వచ్చి, 1987లో జంధ్యాల “అహ నా పెళ్ళంట”తో చిత్రసీమలో అడుగుపెట్టిన నటుడు. అమృతరావు ముగ్గురై మారినా కథ ఒకటిగా నిలిచినదంటే కారణం, ప్రక్కన ఆ ముఖం మారకపోవడమే. ఆయన నివాసం సంజీవరెడ్డినగరులో. మెట్రో రైలులో ఎర్రగడ్డ నుండి రెండవ స్టేషను. 2018 ఫిబ్రవరి 19వ తేదీన ఆయన కన్నుమూసినారు. ఆ వార్త విన్న ఉదయం తాను అంగడి తెరవడానికి మనసొప్పలేదని మిత్రుని తమ్ముడు చెప్పినాడు.

తరువాతి ప్రయత్నాల మీద అభిప్రాయాలు చీలడానికి మూలం అక్కడే వున్నదని మా ఊహ. 2014లో గంగరాజుగారే దర్శకత్వం వహించి “అమృతం చందమామలో” అనే చలనచిత్రం తీశారు. చంద్రమండలం మీద హోటలు పెట్టే కథ. అవసరాల శ్రీనివాస్ అమృతరావు. కొందరు ఊహను మెచ్చుకొన్నారు. మరికొందరు, అమృతవిలాస్ చందమామ మీదికి పోతే మన వీధిలో ఏమి మిగిలినది అన్నారు. 2020 మార్చి 25వ తేదీన, ఉగాదినాడు, “అమృతం ద్వితీయం” అంతర్జాల ప్రసారంగా వచ్చినది. హర్షవర్ధన్, అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి తిరిగి వచ్చారు. ఆంజనేయులు స్థానంలో ఎల్.బి. శ్రీరాం. దేశమంతా తలుపులు మూసుకొని కూర్చున్న రోజులవి. పాత నేస్తాలు ఇంటికి వచ్చినట్లున్నదని ఒక వర్గం, ఖాళీ కుర్చీయే కనిపిస్తున్నదని మరొక వర్గం. ఎల్.బి. శ్రీరాంగారు చేయి తిరిగిన నటుడు, రచయిత. లోపం ఆయనది కాదు. అమృతరావు మారడానికి ప్రేక్షకులు అలవాటుపడ్డారు. ఆంజనేయులు మారడానికి అలవాటుపడలేదు.

ఇంతవరకు మేమందరము ఉత్సాహంగా మాట్లాడుతున్నాము. అప్పుడు మిత్రుని కుమార్తె, కళాశాలలో చదివే అమ్మాయి, గడప దగ్గర నిలబడి అడిగినది. “బాబాయిగారూ, సంజీవిని పాత్రకు కూడ మనుషులు మారారు కదా. మరి ఏ సంజీవిని గొప్ప?”

ఎవ్వరూ మాట్లాడలేదు.

ఆ పాత్రను ఝాన్సీ మొదలయిన కొందరు నటీమణులు ధరించారు. ఈ అమ్మాయి పుట్టినది ధారావాహిక ముగిసిన తరువాత. భాగాలన్నీ యూట్యూబులో చూచినది. మాకు జ్ఞాపకం మీద ఆధారపడవలసి వచ్చినది. ఆమెకు కన్నులు చాలినవి. అమృతరావు తాకట్టు పెట్టిన నగ ఎవరిది, అతడు తెచ్చిన తంటాను విప్పవలసినది ఎవరు, చివరి నవ్వుకు ముందు ఆ ముఖంలో కనిపించే అలసట ఎవరిది అని ఆమె ఒక్కొక్కటే అడిగినది. నానమ్మ చేతిలోని చిక్కుడుకాయ ప్రక్కన పెట్టి, “నిజమే తల్లీ. మేము వాళ్ళను లెక్కలోనే వేసుకోలేదు” అన్నారు.

ఆ మాట మమ్ము ఇంటిదాక వెంటాడినది. మనం పోట్లాడుకొనేది ప్రేమించినదాని గురించి. పోట్లాట లేనిచోట ఏకాభిప్రాయం వున్నదనుకోవడం పొరపాటు; తరచు అక్కడ వున్నది మరుపు. 1946 నవంబరులో లండనులోని అలెగ్జాండ్రా పేలెస్ నుండి బి.బి.సి. వారు “పిన్‌రైట్స్ ప్రోగ్రెస్” అనే హాస్య ధారావాహికను ప్రసారం చేశారు. టెలివిజనులో ఆ తరహా అరగంట హాస్యకథలకు అదే మొదటిదని చెప్పుతారు. ఒక చిన్న అంగడి యజమాని, అతడి పాట్లు. జేమ్స్ హేటర్ కథానాయకుడు. మరుసటి యేడు మే నెల వరకు పది భాగాలు నడచినది. అన్నీ ప్రత్యక్ష ప్రసారాలు. ఒక్క భాగమైనా ముద్రితమై నిలువలేదు. కొన్ని ఛాయాచిత్రాలు మాత్రం మిగిలినవి. ఆ అంగడివాడు బాగా నవ్వించినాడా లేదా అని ఈనాడు ఎవ్వరూ వాదించలేరు. అతడి పక్షం వహించేవారు లేరు, ప్రతిపక్షమూ లేదు. రేడియోలో పనిచేసేవారికి ఈ బాధ బాగా తెలుసు. పూర్వం మైకు ముందు ప్రత్యక్షంగా నటించిన నాటకాలు ఎన్నో గాలిలో పుట్టి గాలిలోనే కలిసిపోయినవి.

అమృతరావు అదృష్టవంతుడు. అతడి భాగాలు నిలిచినవి గనుక ఎర్రగడ్డలో తల్లీ కొడుకులు ఇంకా అతడి మీద తగవులాడుకొంటున్నారు. నిలిచినవి గనుకనే, ఇరువదేండ్లుగా మేము చూస్తూ కూడ చూడని సంజీవినిని ఒక ఆడపిల్ల చూడగలిగినది. హాస్యాన్ని దాచిపెట్టుకోవడం తిరిగి నవ్వుకొనడానికి మాత్రమే కాదు. మన తీర్పును తరువాతివారు సరిదిద్దడానికి కూడ.

శ్రోతలు తమ తమ ఇండ్లలో ఈ వివాదాన్ని ఒకమారు కదిలించవలెనని మా కోరిక. ఏ అమృతం గొప్ప అని అడిగితే అందరూ ఒక్కసారిగా సమాధానం చెప్పుతారు. ఆ సందడి సద్దుమణిగిన తరువాత రెండవ ప్రశ్న కూడ అడగండి. దానికి సమాధానం ఆలస్యంగా వస్తుంది. మా మిత్రుని ఇంట మాత్రం ఆ రాత్రి భోజనాల తరువాత మొదటి భాగం నుండి మళ్ళీ చూడడం మొదలుపెట్టినారట. ఈమారు ఎటు చూడవలెనో అమ్మాయి చెప్పుతున్నదట.